పది గంటల ఏడు నిమిషాల షేరు

"ఆ బల్ల మాది," అంది జుసారా.

ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే ఆ యువకుడు ఒక వేలు చూపించాడు. ఒక్క నిమిషం ఆగమని.

జుసారాను వేలితో ఆపినవాళ్లు లాపా పేటలో ఎవరూ లేరు. నోటరీ ఆఫీసులో ఆమె కౌంటర్ ముందు పేటలో సగం మంది వరస కడతారు. ఇల్లు అమ్మాలన్నా, కారు కొనాలన్నా, కాగితం మీది సంతకం అసలుదేనని ఆమె ముద్ర పడాల్సిందే.

"ప్రతి నెలా మొదటి గురువారం, నాలుగున్నరకు, ఈ బల్ల చీమల క్లబ్బుది. మూడేళ్లుగా ఇంతే. బేకరీ మా పిన్నిది. అనుమానముంటే అడగండి."

"రెండు నిమిషాలండీ. ఇప్పుడు లేస్తే నష్టపోతాను."

"కుర్చీలోంచి లేస్తే నష్టమా? ఏం పని చేస్తున్నారేంటి, గుడ్లు పొదుగుతున్నారా?"

ఆమె వెనక నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్లూ కిసుక్కున నవ్వారు. అతను టపీమని ఒక మీట నొక్కి, ల్యాప్‌టాప్ మూసి, అప్పుడు తలెత్తాడు. చెవి వెనక ఎర్ర పెన్ను. కళ్లలో ఎక్కడలేని కొంటెతనం.

"అయిపోయింది. పిల్ల కూడా బయటికొచ్చింది," అన్నాడు. కౌంటర్ దగ్గరికి వెళ్లి, అద్దాల అరలో ఉన్న నారింజ కేకు మొత్తం కొని, తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. "మిమ్మల్ని నిలబెట్టినందుకు. రెండు నిమిషాల సంపాదన."

"రెండు నిమిషాల్లోనా!" అంది దోనా యోలాండా. ముప్పై ఏళ్లు బడిలో వంట చేసి రిటైరైన మనిషి, పేటంతా 'దోనా' అని, అంటే అమ్మగారని, పిలుస్తుంది. తీపి కనిపిస్తే ఎవరినైనా క్షమించేస్తుంది.

"పొద్దున కొన్నాను, ఇప్పుడు అమ్మాను. ఐదింటికి మార్కెట్ మూసేసరికి నా దగ్గర ఒక్క షేరు కూడా మిగలదు. రాత్రి హాయిగా నిద్రపోతాను. నా పేరు ఒటావియో."

"మేం కొంటే పదేళ్లకి కొంటాం," అంది జుసారా, కేకు వైపు చూడకుండా.

"పదేళ్లా? పెళ్లిళ్లే అంతకాలం నిలవడం లేదు కదండీ!"

అందరూ నవ్వారు. జుసారా నవ్వలేదు. మార్లీ పిన్ని చటుక్కున కత్తి తీసుకుని కేకు కోయడం మొదలుపెట్టింది.

*

చీమల క్లబ్బులో ఉన్నది నలుగురే. మార్లీ పిన్ని, దోనా యోలాండా, బట్టలు కుట్టే దోనా జుల్మీరా, జుసారా. నెలనెలా తలా కొంత వేస్తారు. ఆ డబ్బు జుసారా పేరు మీదున్న ఖాతాలోకి పోతుంది. ఏ కంపెనీ షేర్లు కొనాలో కలిసి కూర్చుని మాట్లాడుకుంటారు. నియమం ఒక్కటే: మూడు చేతులు లేవకుండా ఏదీ కొనకూడదు, ఏదీ అమ్మకూడదు, ఎవరినీ చేర్చుకోకూడదు. జుల్మీరా ప్రతిదీ నోటుపుస్తకంలో రాసి, ఆర్డరు కాగితం పక్కనే అంటిస్తుంది. కరెంటు కంపెనీ, నీళ్ల కంపెనీ, ఒక బ్యాంకు. మూడేళ్లలో వాళ్లు కొన్నవి ఎనిమిది, అమ్మినవి సున్నా.

"వాన పడితే గొడుగు వేసుకుంటాం గానీ ఇల్లు అమ్ముకుంటామా?" అనేది జుసారా. ఆ మాట జుల్మీరాకు ఎంత నచ్చిందంటే, నోటుపుస్తకం అట్ట మీద రాసి పెట్టుకుంది.

ఆ మార్చి నుంచి ఒటావియో పక్క బల్లకు మారాడు. అక్కడ ప్లగ్గు ఉందట. జుసారా రోజూ ఆఫీసుకు వెళ్తూ వెన్న రాసి పెనం మీద కాల్చిన రొట్టె, గాజు గ్లాసులో పాల కాఫీ తీసుకోడానికి వచ్చేసరికి, అక్కడే ఉండేవాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికీ అక్కడే.

"ఇవాళ ఎన్ని కోడిపిల్లలు?"

"మూడు. ఒకటి కుంటిది."

"ఆ ఎర్ర పెన్ను దేనికి? షేర్లవాళ్లు పెన్నులు కూడా వాడతారా?"

"నష్టాలు రాసుకోడానికి," అని ల్యాప్‌టాప్ తెర కాస్త అటు తిప్పేవాడు.

ఒకరోజు అతను ఒక మాట నేర్పాడు. సోసియో. అంటే భాగస్వామి, వాటాదారు. మామూలు మాటే. కానీ సాయంత్రానికల్లా అమ్మేద్దామని షేర్లు కొనేవాళ్లలో దానికి వేరే అర్థం ఉంది.

"పొద్దున ఆవేశంగా కొంటాడు. ధర పడిపోతుంది. అమ్మితే తప్పు ఒప్పుకున్నట్టే. అందుకని అమ్మడు. ఎవరైనా అడిగితే, 'నేను దీర్ఘకాలానికి కొన్నాను, ఈ కంపెనీ మీద నాకు నమ్మకం' అంటాడు. అలాంటివాణ్ని చూసి మేం అంటాం, 'పాపం, సోసియో అయిపోయాడు' అని."

జుసారా పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి ఒటావియోకు హుషారెక్కువైంది.

"మీ పదేళ్లవాళ్లతో చిక్కే అది. ఎక్కడ తెంచుకోవాలో తెలియదు. నష్టం కళ్లముందు కనిపిస్తున్నా పట్టుకుని వేలాడతారు."

ఆమె నవ్వు ఆగిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టి, బ్యాగు భుజాన వేసుకుంది.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఏంటి?"

"చాలా తెలివైనవారు. నమస్కారం."

ఆమె వెళ్లిపోయాక మార్లీ పిన్ని తడిగుడ్డతో వచ్చి అతని బల్ల తుడిచింది. అదేపనిగా ఒకేచోట తుడిచింది.

"మా పిల్ల వేలికి వల్దెసీర్ అనేవాడి ఉంగరం ఏడేళ్లు ఉంది, నాయనా. వచ్చే ఏడు పెళ్లి, వచ్చే ఏడు పెళ్లి అంటూ. కిందటేడు వాడు ఇంకో పిల్లతో వచ్చి, ఆఫీసులో దీని కౌంటర్ దగ్గరే పెళ్లి కాగితాల మీద సంతకం ఖాయం చేయించుకుని పోయాడు. ముద్ర వేసింది ఇదే."

ఒటావియో రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి అతను తన బల్ల దగ్గర లేడు. బేకరీ గుమ్మంలో, సన్నటి తుంపర్లో, నిలబడి ఉన్నాడు.

"నేను షేర్ల గురించే అన్నాను. ఒట్టు. నాకేమీ తెలియదు. అయినా తప్పు నాదే. నోరు తెరిస్తే చాలు..."

"లోపలికి రా. తడుస్తున్నావు," అంది జుసారా.

అది 'రండి' కాకపోవడం ఇద్దరికీ వినిపించింది. ఇద్దరూ విననట్టే నటించారు.

*

ఆ తర్వాత నెల రోజులు బాగా గడిచాయి. బాగా గడిచినందుకే కాబోలు, జుసారాకు పాడుబుద్ధి పుట్టింది.

అతను మెచ్చుకోవాలి. అంతే. పదేళ్ల ఓపిక ఒక్కటే కాదు, రెండు నిమిషాల చురుకు కూడా తనకుందని చూపించాలి. ఒక కేకు కొనేంత లాభం తెచ్చి అతని బల్ల మీద పెట్టి, 'ఇదిగో, నాదీ పొదిగింది' అనాలి. ఆ మాట అనేటప్పుడు ఎలా నిలబడాలో కూడా అద్దంలో చూసుకుంది.

జూన్‌లో మొదటి సోమవారం. క్లబ్బువాళ్లు వేసిన డబ్బు గురువారం సమావేశం కోసం ఖాతాలో ఎదురుచూస్తోంది. ఫ్రిజ్‌లు, సోఫాలు వాయిదాల మీద అమ్మే ఒక దుకాణాల కంపెనీ షేరు, మార్కెట్ తెరవగానే పైకి దూకింది. నోటరీ ఆఫీసు బాత్‌రూమ్‌లో, గోడకు ఆనుకుని, జుసారా ఫోన్ నొక్కింది. పది గంటల ఏడు నిమిషాలు. మధ్యాహ్నానికి అమ్మేస్తే సరి. ఎవరి డబ్బు వాళ్లకే ఉంటుంది. కేకు మాత్రం తనది.

బయటికొస్తే కౌంటర్ ముందు ఒక కుటుంబం. తాత ఇల్లు పదకొండు మంది మనవల మధ్య పంచుకుంటున్నారు. పదకొండు మంది సంతకాలు. ఒక్కో సంతకం పాత కార్డుతో పోల్చి చూడాలి. ఒక మనవరాలు సంతకం మార్చేసింది, ఇంకొకడు కార్డే తేలేదు. జుసారా మళ్లీ ఫోన్ చూసేసరికి మూడున్నర.

షేరు పొద్దున దూకిన ఎత్తంతా దిగి, ఇంకా కిందికి పోయింది.

అమ్ము, అంది ఆమె తనతో తాను. వేలు ముందుకు పోలేదు. ఇంకో పావుగంటలో లేస్తుందేమో. లేవలేదు. ఐదయింది. మంగళవారం ఇంకా పడింది, బుధవారం ఇంకా. తేలు కుట్టిన దొంగలా పైకి అరవడానికీ లేదు. పొద్దున్నే కాఫీకి వెళ్లడం మానేసింది.

గురువారం రానే వచ్చింది.

బల్ల మీద, పల్లెజనంలా అతుకుల బట్టలు వేసుకుని ఆడే జూన్ పండగ కోసం మార్లీ పిన్ని చేసిన మొక్కజొన్న కేకు ఉంది. జుల్మీరా కళ్లద్దాలు పెట్టుకుని నోటుపుస్తకం తెరిచింది. పక్క బల్ల దగ్గర ఒటావియో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, జుసారాను చూసి కనుబొమలు ఎగరేశాడు. మూడు రోజులు ఎక్కడికి పోయావ్ అని. ఆమె చూపు తిప్పుకుంది.

"ఈ నెల నేను ఒక కంపెనీ ముందే కొనేశాను," అంది.  "మంచి ధరకు దొరికింది. మీ కోసం ఆగితే పోయేది. ఇప్పుడు కాస్త తగ్గిందనుకోండి, అది మామూలే. దేశంలో ప్రతి ఇంటికీ ఫ్రిజ్ కావాలి కదా. దీర్ఘకాలానికి నాకు ఈ కంపెనీ మీద నమ్మకం ఉంది."

చివరి మాట నోట్లోంచి వచ్చాక అది ఎవరి మాటో గుర్తొచ్చింది. చెవులు భగ్గుమన్నాయి. పక్క బల్ల దగ్గర మీటల చప్పుడు ఆగిపోయింది.

"వాన పడితే గొడుగు వేసుకుంటాం గానీ ఇల్లు అమ్ముకుంటామా?" అంది యోలాండా సంబరంగా, చెయ్యెత్తుతూ. మార్లీ పిన్ని పిండి చెయ్యి ఎత్తింది. జుల్మీరా కూడా ఎత్తి, పుస్తకంలో రాస్తూ పైకి చదివింది. "జుసారా... చెప్పింది... కాబట్టి."

ఆర్డరు కాగితం అంటించబోతే జిగురు గొట్టం దొర్లి కిందపడింది. ఒటావియో వంగి, తీసి, అందించాడు. అందిస్తూ కాగితం చూశాడు. మార్కెట్ తెరవగానే, ధర దూకుతున్నప్పుడు వేసిన ఆర్డరు. సోమవారం. పది గంటల ఏడు నిమిషాలు.

అతను ప్రతిదానికీ ఏదో ఒకటి అనేవాడు. చినిగిన గొడుగు మీద, చల్లారిన కాఫీ మీద, యోలాండా చెప్పుల మీద జోకు వేసేవాడు. ఇప్పుడు ఏమీ అనలేదు. ఆమె వైపు ఒక్కసారి చూసి, కళ్లు దించుకుని, తన కుర్చీలోకి వెళ్లిపోయాడు. నలుగురిలో నిలదీసినా జుసారాకు అంత తల కొట్టేసినట్టు ఉండేది కాదు.

కేకు ముక్క ముట్టకుండా లేచి బయటికొచ్చింది.

*

బేకరీ ముందు రేకు కింద నిలబడితే తుంపర మొహం మీద పడుతోంది. దాన్ని తుడుచుకోవాల్సిన పని లేదు, ఏది వానో ఏది కాదో తెలియదు. వెనకే తలుపు గంట మోగింది.

"చెప్పు," అంది వెనక్కి తిరగకుండా. "ఆడదాన్ని కాబట్టి సోసియా అని పిలువు. నీకిష్టమైన జోకేగా."

"నవ్వు రావట్లేదు."

"రావాలిగా! సంతకం అసలుదో నకిలీదో తేల్చే మనిషిని నేను. లోపల ముగ్గురు ఆడవాళ్లు నా మాట మీద చేతులెత్తారు. జుల్మీరా ఆ డబ్బు దాచడానికి పండగ దుస్తుల మీద రంగు అతుకులు కుట్టి కుట్టి వేళ్లు పొడుచుకుంటుంది."

ఒటావియో ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నష్టం ఎంతో చెప్పు. నేను వేస్తాను. వాళ్లకు తెలియనక్కర్లేదు."

ఆమె గిర్రున తిరిగింది. "అప్పుడు దొంగ సంతకం పక్కన దొంగ ముద్ర కూడా పడ్డట్టే. వద్దు. అయినా నీకేం, రెండు నిమిషాల్లో..."

"నా దగ్గర లేదు."

"ఏంటి?"

"వేస్తానన్నాను గానీ, నా దగ్గర లేదు. అప్పు తేవాల్సిందే." అతను చెవి వెనక పెన్ను తీసి, చేతుల్లో తిప్పాడు. "ఆ కేకు రోజు ఉంది చూడు. మీరంతా తింటుంటే నేను ఆ మూల కూర్చుని ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచాను. ఐదింటికల్లా అలాంటి కేకులు పది పోయాయి. మీకు చూపించింది గెలిచిన రెండు నిమిషాలే. ఏప్రిల్‌తో మానేశాను. ఇప్పుడు నేను చేసేది బడి పిల్లలకు లెక్కల ట్యూషన్, ఆన్‌లైన్‌లో. ఈ పెన్నుతో దిద్దేది వాళ్ల భిన్నాలు. ధరలు మాత్రం ఇంకా చూస్తుంటాను, పాడలవాటు."

"మరి ఇక్కడ ఎందుకు కూర్చుంటావు? ఇంట్లో ప్లగ్గు లేదా?"

"ఉంది," అన్నాడు. ఎర్రబడ్డాడు. "ఇంట్లో నువ్వు కాఫీకి రావుగా."

తుంపర రేకు మీద సన్నగా చప్పుడు చేస్తోంది.  సంతోషించాల్సిన చోట సిగ్గు అడ్డంగా కూర్చుని ఉంది.

"నీకు చూపించాలని కొన్నాను, తెలుసా?" అంది చివరికి, చాలా చిన్నగా. "వచ్చే గురువారం వాళ్లకు చెప్పేస్తాను. లేదా ఆదివారం, పిన్నికి ముందు చెప్పి..."

"ఇవాళే చెప్పు."

"నావల్ల కాదు."

"ఆ షేర్ల పని నుంచి నేను నేర్చుకున్న మంచి మాట ఒక్కటే, జుసారా. నష్టాన్ని రాత్రి దాటించకూడదు. పడుకుని లేచేసరికి దానికి మనమే ఒక మంచి పేరు పెట్టేస్తాం. దీర్ఘకాలం అనో, నమ్మకం అనో. ఆ తర్వాత వదల్లేం."

ఆమెకు ఏడేళ్ల ఉంగరం గుర్తొచ్చింది. ఈసారి కోపం రాలేదు. తలుపు తోసింది.

*

"దోనా జుల్మీరా, ఇందాక రాసింది కొట్టెయ్యండి."

ముగ్గురూ తలెత్తారు. జుసారా కూర్చోలేదు.

"నేను అబద్ధం చెప్పాను. అది పదేళ్లకు కొన్నది కాదు. సోమవారం పొద్దున కొని మధ్యాహ్నం అమ్మేద్దామనుకున్నాను. మీ డబ్బుతో, మీకు చెప్పకుండా. పడిపోయింది. అమ్మడానికి చెయ్యి రాలేదు. అందుకని నమ్మకం అన్నాను."

కాఫీ యంత్రం బుస్సుమని ఆగింది. యోలాండా నోట్లో కేకు అలాగే ఉండిపోయింది. మార్లీ పిన్ని ఆప్రాన్ అంచు పట్టుకుని నలుపుతోంది. జుల్మీరా కళ్లద్దాలు తీసి, మడిచి, పుస్తకం మీద పెట్టింది.

"ఎందుకమ్మా?" అంది. తిట్టినా బాగుండేది.

"లాభం చూపిద్దామని..."

"మాకా? మేం ఎప్పుడైనా అడిగామా?"

"మీకు కాదు."

"మరి ఎవరికి?"

ఇదే అసలు కష్టమైన చోటని జుసారాకు అప్పుడు తెలిసింది. డబ్బు సంగతి చెప్పడం తేలికే అయింది. తలుపు దగ్గర గంట మోగింది. తడిసిన జుట్టుతో ఒటావియో లోపలికొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. ముగ్గురు ఆడవాళ్లూ అతని వైపు చూశారు.

"ఇతనికి," అంది జుసారా. మెడ దాకా కాలిపోతోంది. నేల పలకల వైపు చూస్తూనే అంది. "ఇతను నన్ను మెచ్చుకోవాలని."

 యోలాండా కేకు మింగింది, గటుక్కుమని.

"అయ్యో పిచ్చిదానా! జుట్టు దువ్వుకుని వస్తే సరిపోయేదిగా!"

మార్లీ పిన్ని ఆప్రాన్‌లో మొహం దాచుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. జుల్మీరా మాత్రం నవ్వలేదు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, స్కేలు పెట్టి ఇందాకటి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది.

"రేపు పొద్దున అది అమ్మాలి. చేతులు." నాలుగు చేతులూ లేచాయి. "తగ్గినంత నువ్వు తెచ్చి వెయ్యి, నెలనెలా వేసినా సరే. ఇక మీద ఏ ఆర్డరు కాగితం మీదైనా నీ సంతకం పక్కన ఇంకో సంతకం ఉండాలి."

"ఉండాలి," అంది జుసారా. "నేనే అడుగుదామనుకున్నాను."

"నాకు ఆ ఫోన్లు చూడ్డం రాదు," అంది మార్లీ పిన్ని. "యోలాండాకు కళ్లు కనబడవు." ఆమె గుమ్మం వైపు చూసి, గొంతు సవరించుకుంది. "ఓయ్ అబ్బాయ్, క్లబ్బులో చేరి ఆ రెండో సంతకం నువ్వు పెడతావా? నెలనెలా అందరిలా వేస్తావా? నాలుగు నెలలుగా ఒక్క కాఫీతో నా ప్లగ్గు వాడుకుంటున్నావు."

"వేస్తానండీ. తక్కువే వేయగలను. కానీ..." అతను పెన్ను వంక చూసుకున్నాడు. "నేను బాగా నష్టపోయినవాణ్ని. దోనా జుల్మీరా, మీకు ముందే చెబుతున్నాను."

"ముందే చెప్పినవాడు ఈ బల్ల దగ్గర ఇవాళ ఇతనొక్కడే," అంది యోలాండా, చెయ్యెత్తుతూ. మార్లీ పిన్ని చెయ్యి ఎప్పుడో లేచింది.

"ఆర్నెల్లు చూసి చెబుతాను," అంది జుల్మీరా, రెండు చేతులూ పుస్తకం మీదే ఉంచి.

రెండు చేతులు. నియమం ప్రకారం మూడు కావాలి.

అందరూ జుసారా వైపు చూశారు. ఒటావియో చూడలేదు. గుమ్మంలో నీళ్లు కారుతూ, పరీక్ష రాసిన పిల్లాడిలా, తన బూట్లు చూసుకుంటున్నాడు. ఏదైనా ఎత్తడానికి ఈ పూట తనకు అర్హత ఉందా అనుకుంది ఆమె. మొహం ఇంకా మండుతూనే ఉంది. ఆ మొహంతోనే, నెమ్మదిగా, చెయ్యెత్తింది.

జుల్మీరా గోడ గడియారం చూసి రాసుకుంది. "ఒటావియో. సోసియో. గురువారం, సాయంత్రం ఆరు దాటి పది." తల పైకెత్తింది. "మార్కెట్ మూసేశాక. అది నయం. ఎంతకాలానికి అని రాయను?"

అతను పెన్ను మళ్లీ చెవి వెనక పెట్టుకున్నాడు.  జుసారా వైపు చూశాడు.

"అక్కడ ఖాళీ వదిలెయ్యండి, దోనా జుల్మీరా," అంది జుసారా. పక్క బల్ల దగ్గరి కుర్చీ ఒకటి లాక్కొచ్చి, తన కుర్చీ పక్కన వేసింది.